ఏ ముక్క మొక్క అవుతుంది? ఆ ప్రశ్నే పట్టికలో లేదు

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడితే చాలు, పత్రికల విద్యార్థి పేజీల్లో ఒక పట్టిక తప్పకుండా వస్తుంది. ఎడమవైపు అలైంగిక ప్రత్యుత్పత్తి పద్ధతి పేరు, కుడివైపు దానికో ఉదాహరణ. కోరకీభవనానికి (మొగ్గ తొడగడానికి) ఈస్ట్, ముక్కలవడానికి స్పైరోగైరా, సిద్ధబీజాలకు (స్పోర్లకు) రైజోపస్, శాఖీయ వ్యాప్తికి రణపాల. పిల్లలు బట్టీ పడతారు, మార్కులూ వస్తాయి. కానీ బంగాళాదుంప ముక్కకు కన్ను ఉండి తీరాలంటారు కదా, చిలగడదుంపకు కన్నే లేదు, అదెలా మొలుస్తుంది అని అడిగితే జవాబు రాదు. మందార కొమ్మను తలకిందులుగా నాటితే వేళ్లు ఏ కొసన పుడతాయో చెప్పలేరు. ఆ సంగతులు పట్టికలో ఉండవు. పైగా సిద్ధబీజాల వరుసలో తరచూ రెండు తప్పులు దొర్లుతున్నాయి. వృక్షశాస్త్రం బోధించేవాళ్లుగా మాకు ఇది చిన్న విషయం అనిపించడం లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ఈ పద్ధతులన్నిటికీ అడుగున ఉన్నది సమవిభజన. కణం రెండైనప్పుడు క్రోమోజోముల జట్టు మొత్తం రెండింటికీ చేరుతుంది కాబట్టి పిల్ల తల్లికి నకలుగానే పుడుతుంది. ఇక పద్ధతికీ పద్ధతికీ తేడా ఎక్కడ వస్తుంది? తల్లి నుంచి విడిపోయిన ముక్కలో ఏం ఉంది, ఏం లేదు, లేనిదాన్ని అది కొత్తగా పుట్టించుకోగలదా అన్న దగ్గర. విద్యార్థికి నేర్పాల్సిన ప్రశ్న ఇదే. ఇది పట్టుబడితే పేర్లు వాటంతట అవే గుర్తుంటాయి.

మందార కొమ్మతోనే మొదలుపెడదాం. కత్తిరించిన ముక్కలో కాండం ఉంది, కణుపుకొక మొగ్గ ఉంది, ఆకు ఉంటే ఆహారమూ తయారవుతుంది. లేనిది వేరు ఒక్కటే. పూత మీద లేని కొమ్మను, పెన్సిల్ మందంగా, 15 నుంచి 20 సెం.మీ. పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా తీసుకోవాలి. పూత మీదున్న కొమ్మలో నిల్వ పిండి పువ్వులకే పోతుంది, వేళ్లకు మిగలదు. కింది కోత కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా, పై కోత మొగ్గకు ఒక సెంటీమీటరు ఎగువన అడ్డంగా ఉండాలి. ఏటవాలుగా కోస్తే వేళ్లు ఎక్కువ వస్తాయని చాలామంది నమ్మకం. మా దృష్టిలో దాని అసలు ప్రయోజనం వేరు: కట్టగట్టిన పుల్లల్లో ఏ కొస కిందిదో పొరబడకుండా ఉండటం. కింది ఆకులు తీసేసి పైన రెండే ఉంచాలి, అవి వెడల్పుగా ఉంటే సగానికి కత్తిరించాలి. ఆకులు ఎక్కువైతే వేళ్లు లేని ముక్కలోంచి నీరంతా ఆవిరైపోతుంది. లేత కొమ్మకు మొత్తం పీకేస్తే వేళ్లు పుట్టడానికి కావలసిన చక్కెరా అందదు, ఆక్సిన్ అనే హార్మోనూ అందదు.

ఈ ఆక్సిన్ దగ్గరే అసలు కిటుకు ఉంది. కొమ్మ చివర, లేత ఆకుల్లో ఇది తయారై, కణం నుంచి కణానికి కొస నుంచి మొదలు వైపే ప్రయాణిస్తుంది. కొమ్మను తిరగేసినా దాని దారి మారదు. కోసిన చోట ముందుకు దారి లేక పోగుపడుతుంది, అక్కడ కేంబియం (బెరడుకూ చెక్కకూ మధ్య విభజన చెందే కణాల పొర) చుట్టుపక్కల కణాలు విభజన మొదలుపెట్టి వేరు మొలకలవుతాయి. 1878లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ వోక్టింగ్ విల్లో కొమ్మ ముక్కల్ని తేమ గాలిలో కొన్నిటిని నిటారుగా, కొన్నిటిని తలకిందులుగా వేలాడదీసి ఇదే చూపించారు. తలకిందులుగా ఉన్నవాటిలోనూ ఒకప్పటి కింది కొసనే వేళ్లు గుబురుగా వచ్చాయి, పై కొసనే చిగుళ్లు లేచాయి. మట్టి, చీకటి, భూమి ఆకర్షణ ఇవేవీ ఆ నిర్ణయాన్ని తిరగరాయలేదు. తరగతి గదిలో ఒక గాజు సీసా, తడి దూది, రెండు పుల్లలు ఉంటే ఈ ప్రయోగాన్ని మళ్లీ చేయొచ్చు.

వేరు హార్మోన్ అని అమ్మేదాంట్లో ఉండేది సాధారణంగా ఐబీఏ అనే కృత్రిమ ఆక్సిన్. లేత కొమ్మలకు 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దరిదాపుల్లో, ముదురు కొమ్మలకు 2000 నుంచి 3000 వరకు వాడతారు. ఐబీఏ నేరుగా నీటిలో కరగదు. 100 మిల్లీగ్రాముల పొడిని 50 మి.లీ. ఆల్కహాల్‌లో కరిగించి, నీరు కలిపి 100 మి.లీ. చేస్తే 1000 పీపీఎం ద్రావణం వస్తుంది. కొమ్మ అడుగు రెండు సెంటీమీటర్లు అయిదు సెకన్లు ముంచి తీసి, ఆల్కహాల్ ఆరాక నాటాలి. మోతాదు పెరిగితే మేలు పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఎక్కువైతే అడుగు నల్లబడి బెరడు చిట్లుతుంది, పై మొగ్గలు కదలకుండా ఉండిపోతాయి.

కడిగిన ముతక ఇసుకలో గానీ, ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపిన దాంట్లో గానీ రెండు కణుపులు లోపలికి వెళ్లేలా నాటాలి. ముందు పుల్లతో రంధ్రం చేసి ఆ తర్వాత గుచ్చాలి, లేకపోతే అడుగున పట్టించిన హార్మోన్ పైనే రాసుకుపోతుంది. నీడ కావాలి, చుట్టూ గాలిలో తేమ కావాలి. కుండీ మీద చిల్లులు పెట్టిన పాలిథిన్ సంచి బోర్లిస్తే సరిపోతుంది. అడుగు నుంచి నల్లగా కుళ్లుతూ పైకి వస్తే దోషం నీటిది. నీరు నిలిస్తే గాలి అందదు, గాలి అందని చోట వేరు పుట్టదు, కుళ్లు తెగుళ్లు మాత్రం పుడతాయి. రెండో వారంలో చిగురు కనిపించగానే బతికిందనుకుంటే అది తొందరపాటు. కొమ్మలోని నిల్వతోనే మొగ్గ విచ్చుకుంటుంది, ఆ నిల్వ అయిపోయేలోగా వేరు పడకపోతే చిగురు వాడిపోతుంది. రోజూ పీకి చూడటం మరీ చేటు, అప్పుడే తొడిగిన వేరు కొసలు తెగుతాయి. నాలుగో వారం దాటాక నెమ్మదిగా లాగి చూస్తే, పట్టు తగిలినదానికి వేరు పడినట్టే.

కొన్ని జాతుల కొమ్మలు కోసి నాటితే వేరు పడేలోపే ఎండిపోతాయి. అలాంటివాటికి తల్లి మీద ఉండగానే వేళ్లు తెప్పించడం గాలి అంటు. లిచీ, దానిమ్మ, జామ దీనికి బాగా లొంగుతాయి. ఏడాది వయసున్న కొమ్మ మీద కణుపుకు దిగువన రెండున్నర నుంచి మూడు సెం.మీ. వెడల్పున చుట్టూ బెరడు ఉంగరంలా ఒలిచేయాలి. ఎందుకు ఉంగరమే అంటే, ఆకులు చేసిన చక్కెర, ఆక్సిన్ కిందికి దిగేది బెరడు లోపలి పోషక కణజాలం గుండా. వేళ్లు తోడిన నీరు పైకి ఎక్కేది దాని లోపలి చెక్క గుండా. బెరడు ఒలిస్తే కిందికి దారి మూసుకుంటుంది, పైకి దారి తెరిచే ఉంటుంది. కొమ్మకు దాహం వేయదు, ఆహారం మాత్రం ఉంగరం పై అంచున ఆగిపోతుంది. వేళ్లు పుట్టేదీ ఆ పై అంచునే.

బెరడు ఒలిచాక చెక్క మీద జారుగా తగిలే పొర ఒకటి మిగులుతుంది, అదే కేంబియం. కత్తి వెనుక అంచుతో దాన్ని గీకేయకపోతే రెండు మూడు వారాల్లో పై బెరడు, కింది బెరడు కలిసిపోతాయి, దారి మళ్లీ తెరుచుకుంటుంది, వేరు రాదు. గాలి అంటు తప్పడానికి మేము ఎక్కువగా చూసే కారణం ఇదే. అలాగని చెక్కలోకి దిగేలా గీస్తే నీటి దారి తెగి కొమ్మే చస్తుంది. గీకాక పై అంచుకు ఐబీఏ రాసి, తడిపి పిండిన స్ఫాగ్నం నాచు పిడికెడు చుట్టి, పారదర్శకమైన పాలిథిన్‌తో రెండు కొసలూ బిగించి కట్టాలి. పిండకుండా నీరోడేలా కడితే లోపల కుళ్లుతుంది, వదులుగా కడితే వాన నీరు దిగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పాలిథిన్ గోడకు తెల్లటి వేళ్లు తగులుతాయి. అవి కాస్త గోధుమ రంగు తిరిగి కొమ్మలు వేశాక కట్టుకు దిగువన కోయాలి. తెల్లగా ఒంటి పోగుల్లా ఉన్నప్పుడే కోస్తే నాటేటప్పుడు విరిగిపోతాయి.

అంటుకట్టడంలో రెండు మొక్కల కేంబియంలు తగలాలి, తగిలి కదలకుండా ఉండాలి. ఒక కొమ్మ సన్నం, ఒకటి లావు అయితే నడిమికి నడుమ కాక ఒక పక్క అంచులు కలిపితే చాలు. అతికాక రెండూ ఒక చెట్టుగా పెరుగుతాయి గానీ ఎవరి జన్యువులు వారివే, వేరు మూలం పైభాగపు కాయను తన జాతిగా మార్చదు. కొబ్బరి, అరటి, వరి వంటి ఏకదళబీజాల్లో మామూలు కేంబియం ఉండదు కాబట్టి వాటికి అంటు కట్టడం కుదరదని దశాబ్దాలుగా పాఠం చెప్పాం. 2022లో ప్రచురితమైన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుల పని ఈ పాఠాన్ని కొంత మార్చింది. విత్తనం లోపల పిండ దశలో, వేరూ కాండమూ కలిసే చోట కోసి అతికిస్తే ఏకదళబీజాలూ అతుక్కున్నాయి. పాఠంలో ఈ ముక్క చేరాలి.

ఇక దుంపలు. బంగాళాదుంప కాండమే. దాని కన్ను కణుపు, కంటిలో మొగ్గలు ఉంటాయి. కన్ను లేని ముక్కలో పిండి ఎంత ఉన్నా మొలిచేది ఏమీ లేదు, కుళ్లిపోవడమే. అందుకే ముక్క 30 నుంచి 50 గ్రాములు ఉండాలి, కళ్లు రెండైనా ఉండాలి అంటారు. దుంప అలాగే నాటితే కొన వైపు కన్ను ముందు లేచి మిగతావాటిని అణచిపెడుతుంది, కోస్తే ఆ పెత్తనం పోయి ప్రతి ముక్కా మొలుస్తుంది. కోసిన వెంటనే తడి మట్టిలో వేయకూడదు. 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్‌లో, తేమగా ఉండి గాలి ఆడే చోట రెండు మూడు రోజులు పరిచి ఉంచితే కోత మీద బెండు పొర కడుతుంది, కుళ్లు లోపలికి దిగదు.

చిలగడదుంప కాండం కాదు, పిండి నిండిన వేరు. వేరుకు కణుపులు ఉండవు, కాబట్టి కళ్లూ ఉండవు. అయితే దీని లోపలి కణజాలం కొత్త మొగ్గల్ని పుట్టించగలదు. అవి కూడా ఎక్కడ పడితే అక్కడ రావు, తీగను అంటిపెట్టుకుని ఉన్న కొస వైపే గుంపుగా వస్తాయి. విల్లో పుల్లలో చూసిన తల, మొదలు తేడా ఇక్కడా ఉందన్నమాట. వెల్లుల్లి రెబ్బలో మొగ్గ ఉంది, ఆహారం ఉంది, వేళ్లు వచ్చే పళ్లెం లాంటి కురచ కాండం అడుగున ఉంది. అడుగు కిందికే ఉండేలా నాటాలి. తిరగేసినా మొలుస్తుంది, కానీ మొలక వంకర తిరిగి పైకి రావడానికే బలం ఖర్చై గడ్డ ఆకారం చెడుతుంది. అల్లానికి 20 నుంచి 25 గ్రాముల కొమ్ము, దాని మీద ఒకటైనా బతికున్న మొగ్గ ఉంటే చాలు.

ఆకుల విషయంలో పట్టిక పూర్తిగా తప్పుదోవ పట్టిస్తోంది. రణపాలను చూపించి ఆకు నుంచి మొక్క వస్తుందని చెప్పి వదిలేస్తారు. రణపాల ఆకు అంచు నొక్కుల్లో మొగ్గలు ముందే సిద్ధంగా ఉంటాయి, తల్లి నుంచి ఆకు విడిపోగానే మేలుకుంటాయి. తడి ఇసుక మీద ఆకు పరిచి, భూతద్దంతో రోజూ ఒకే నొక్కును చూడండి. ముందు పచ్చటి చుక్క ఉబ్బుతుంది, దాని కింద వెంట్రుకల్లాంటి వేళ్లు, ఆపైన జంట ఆకులు. స్నేక్ ప్లాంట్ ఆకులో అలా ముందే ఉన్న మొగ్గ ఏదీ లేదు. ఏడెనిమిది సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, రెండు రోజులు ఆరనిచ్చి, కింది కొస కిందికే ఉండేలా గుచ్చితే నెల దాటాక వేళ్లు, కొన్ని నెలలకు పిలక వస్తాయి. ఆ పిలక కణజాలం కొత్తగా పుట్టించినది. అందుకే పసుపు అంచు రకం ఆకు ముక్క నుంచి వచ్చే పిలకకు పసుపు అంచు ఉండదు. ఆ అంచు పత్రహరితం లేని వేరే కణాల పొర, పిలక పుట్టేదేమో లోపలి పచ్చ కణాల నుంచి. ఆ రకాన్ని నిలుపుకోవాలంటే దుంపను పిలకతో సహా విడదీసి నాటాల్సిందే. అలైంగికంగా వచ్చిన ప్రతి పిల్లా తల్లిలాగే ఉంటుందన్న వాక్యానికి ఇలాంటి మినహాయింపులున్నాయని పిల్లలకు చెప్పాలి.

రబ్బరు మొక్క ఆకు సంగతి ఇంకా విడ్డూరం. కాడతో సహా నాటితే వేళ్లు వస్తాయి, ఆకు నెలల తరబడి పచ్చగా ఉంటుంది. కానీ కణుపులోని మొగ్గను కాస్త కాండంతో కలిపి తీయకపోతే కొమ్మ ఎన్నటికీ లేవదు. వేరు పుట్టించడం ఒక శక్తి, మొగ్గ పుట్టించడం మరో శక్తి, రెండూ అన్ని ముక్కలకూ ఉండవు. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం మీద చూపించింది దీని మూలాన్నే. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు, సైటోకైనిన్ అనే మరో హార్మోన్ పాలు ఎక్కువైతే మొగ్గలు, రెండూ ఒక స్థాయిలో ఉంటే రూపం లేని కణాల ముద్ద. టిష్యూ కల్చర్ అంతా ఈ నిష్పత్తి మీదే నడుస్తోంది.

ఈస్ట్, శైవలాల విషయానికి వస్తే, ముక్క అంటే ఒక్క కణమే, దానికి లోటు ఏమీ లేదు. చూడగలగడమే ఇక్కడ కష్టం. 35 డిగ్రీల గోరువెచ్చని నీరు 100 మి.లీ., పంచదార 5 గ్రాములు, పొడి ఈస్ట్ ఒక గ్రాము కలిపి గంటన్నర ఆగాలి. కలిపిన వెంటనే చూస్తే మొగ్గలు కనిపించవు, ఎండిన కణం ముందు తేరుకోవాలి. నీరు 50 డిగ్రీలు దాటితే కణాలు చస్తాయి, పంచదార మరీ ఎక్కువైతే కణంలోని నీరే బయటికి లాగేస్తుంది. చూసే ముందు చుక్కను పది రెట్లు పలచన చేయాలి, లేకపోతే ఒకదాన్నొకటి ఆనుకున్న కణాలన్నీ మొగ్గల్లాగే కనిపిస్తాయి. 400 రెట్ల వృద్ధిలో, కవర్ స్లిప్ మీద సూదితో మెల్లగా తట్టండి. ఆనుకున్నవి విడిపోతాయి, మొగ్గ తల్లితోనే కదులుతుంది. మొగ్గ విడిపోయిన చోట తల్లి గోడ మీద కైటిన్ మచ్చ మిగులుతుంది. ఒక తల్లి కణం జీవితకాలంలో ఇరవై ముప్పై మొగ్గలు వేసి ముసలిదవుతుంది. ఈస్టులన్నీ మొగ్గలే వేస్తాయనీ అనుకోకూడదు, షైజోశాకరోమైసిస్ నడిమికి అడ్డగోడ కట్టుకుని రెండు సమానమైన ముక్కలవుతుంది.

క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలం తల్లి గోడ లోపలే రెండు, నాలుగు, ఎనిమిదిగా విడి, ఈదడానికి కశాభాలనే తోకలున్న గమన సిద్ధబీజాలుగా బయటపడుతుంది. క్లోరెల్లాదీ అదే దారి, కాకపోతే కశాభాలు ఉండవు. డయాటమ్ అనే మరో ఏకకణ శైవలం మాత్రం ప్రత్యేకం. దాని గాజు గోడ పెట్టె, మూతలా రెండు భాగాలు. విభజనలో ఒక పిల్లకు మూత, ఇంకో పిల్లకు పెట్టె దక్కుతాయి, ఇద్దరూ దాన్నే మూతగా చేసుకుని లోపల కొత్త పెట్టె కడతారు. పెట్టె దక్కినవాడు ప్రతి తరంలోనూ కొంచెం చిన్నవాడవుతాడు. మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ 1869లో విడివిడిగా గుర్తించిన సంగతి ఇది. మరీ చిన్నవైపోయాక చాలా జాతులు లైంగిక ప్రత్యుత్పత్తికి వెళ్లి మళ్లీ పూర్తి సైజు కణంతో మొదలుపెడతాయి. అలైంగిక పద్ధతికి ఒక హద్దు ఉందని ఇంత స్పష్టంగా చూపే జీవి మరొకటి మాకు తెలియదు.

స్పైరోగైరా పోగు అడ్డగోడల దగ్గర తెగుతుంది, తెగిన ప్రతి ముక్కా పెరుగుతుంది. ఇది నిరపాయంగా వినిపిస్తుంది గానీ, ముక్కలవడం ఎంత బలమైన ఆయుధమో కౌలెర్పా టాక్సిఫోలియా అనే సముద్రపు శైవలం చూపించింది. అక్వేరియాల్లో పెంచిన దీని రకం 1984లో మొనాకో తీరంలో కొద్ది మేర కనిపించింది. ఆ తర్వాత మధ్యధరా సముద్రంలో వేల హెక్టార్లకు పాకింది. పడవ లంగరుకో వలకో తగిలి తెగిన చిన్న ముక్క ఎక్కడ పడితే అక్కడ నాటుకుంటుంది. 2000లో కాలిఫోర్నియాలో బయటపడినప్పుడు దాన్ని పీకే పని పెట్టుకోలేదు. ఉన్నచోటనే టార్పాలిన్ కప్పి, లోపలికి క్లోరిన్ ఎక్కించారు. పూర్తిగా పోయిందని 2006లో ప్రకటించారు. గుర్రపుడెక్కను పీకి గట్టున పారేసే చోట కూడా గుర్తుంచుకోవాల్సింది ఇదే, నీటిలో మిగిలిన చిన్న పిలక మళ్లీ నీటినంతా కప్పగలదు.

రొట్టె బూజు ప్రయోగం అన్ని బడులకూ అందుబాటులో ఉన్నదే. నిల్వ మందు కలిపిన రొట్టె అయితే వారమైనా బూజు పట్టదు, ప్రయోగం చాలాసార్లు విఫలమయ్యేది ఇక్కడే. మందు లేని ముక్కను సగం పూట గాలికి ఉంచి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి, పారదర్శకమైన డబ్బాలో మూసి 25 నుంచి 30 డిగ్రీల్లో ఉంచాలి. రెండో రోజు దూది లాంటి తెల్లటి తంతువులు, మూడు నాలుగు రోజులకు గుండుసూది తలల్లాంటి నల్ల చుక్కలు. అది రైజోపస్. అడ్డంగా పాకిన తంతువు రొట్టెను తాకిన చోట కిందికి వేళ్లలాంటి తంతువులు, అదే చోటునుంచి పైకి కాడలు, కాడల కొసన సిద్ధబీజాశయాలు. పక్కనే నీలి ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే అది పెనిసిలియం కావచ్చు. రైజోపస్ సిద్ధబీజాలు సంచి లోపల పుడతాయి, కొనిడియాలు అనే పెనిసిలియం సిద్ధబీజాలు సంచీ ఏదీ లేకుండా చీపురు లాంటి కొమ్మల కొసల్లో గొలుసుగా బయటే పుడతాయి. డబ్బా మూత తీయకుండా గోడలోంచే భూతద్దంతో చూడాలి, వాసన చూడనివ్వకూడదు. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ ధూళి ప్రమాదం. అయిపోయాక మూత తీయకుండా డబ్బాతో సహా పారేయాలి.

శిలీంధ్రాల సిద్ధబీజాలు పంటను ఏం చేయగలవో అరటి చరిత్ర చెబుతుంది. తినే అరటికి విత్తనం లేదు, పిలకలతోనే సాగు. నాటడానికి కత్తిలా సన్నటి ఆకులున్న సూది పిలకలు తీసుకోవాలి, వెడల్పాటి ఆకులున్న నీటి పిలకల దుంప చిన్నది, బలం తక్కువ. పిలకలతో వచ్చిన తోట అంతా ఒకే జన్యువుల గుంపు. ఎగుమతి మార్కెట్‌ను ఏలిన గ్రాస్ మిషెల్ రకాన్ని, ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే పనామా తెగులు 1950, 60 దశకాలకల్లా వాణిజ్య సాగు నుంచి తప్పించింది, దాని స్థానంలోకి కావెండిష్ వచ్చింది. ఇప్పుడు అదే ఫ్యుజేరియం శిలీంధ్రంలోని ట్రాపికల్ రేస్ 4 అనే రకం కావెండిష్‌నూ చంపుతోంది. ఈ ఫ్యుజేరియంకు లైంగిక దశ ఇంతవరకు కనిపించలేదు. అదీ కొనిడియాలతో పెరుగుతుంది, మందపాటి గోడల క్లమిడోస్పోర్లతో మట్టిలో దశాబ్దాలు నిద్రపోతుంది. అంటే ఇక్కడ పోరు రెండు నకళ్ల మధ్య. ఒకదానికి ఏడాదికి నాలుగైదు పిలకలు, రెండోదానికి లెక్కలేనన్ని సిద్ధబీజాలు. మందు చల్లి మట్టిలోని క్లమిడోస్పోర్లను తుడిచేయలేం, అందుకే తెగులు లేని మొక్కతో మొదలుపెట్టడం తప్ప దారి లేదు.

వైరస్ సంగతీ అంతే. విత్తనం ద్వారా చాలా వైరస్‌లు దిగవు, దుంప, పిలక, కొమ్మ ద్వారా మాత్రం నేరుగా వస్తాయి. దీనికి విరుగుడు 1952లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు మొరెల్, మార్టిన్ చూపించారు. వైరస్ సోకిన డాలియా మొక్కల కొమ్మ చివరి విభాజ్య కణజాలాన్ని (ఎప్పుడూ విభజన చెందుతుండే కొసను) మాత్రం కోసి పెంచితే వైరస్ లేని మొక్క వచ్చింది. ఇప్పుడు తీసే ముక్క 0.2 నుంచి 0.5 మి.మీ. వరకు ఉంటుంది. ఆ కొసకు రవాణా నాళాలు ఇంకా చేరవు, వైరస్ ఆ కొస పెరిగే వేగాన్ని అందుకోలేదు. ముక్క పెద్దదైతే త్వరగా బతుకుతుంది గానీ వైరస్‌ను వెంటబెట్టుకొస్తుంది, మరీ చిన్నదైతే శుభ్రంగా ఉంటుంది గానీ చాలావరకు చస్తుంది.

విత్తనమంటే లైంగికమే అన్న మాటా సరి చేయాలి. నిమ్మజాతి గింజల్లో, బహుపిండ మామిడి టెంకల్లో ఒక గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం అండాన్ని చుట్టి ఉన్న తల్లి కణజాలం నుంచి, ఫలదీకరణతో సంబంధం లేకుండా వచ్చినవే. అవి విత్తనం లోపల పుట్టిన నకళ్లు.

చివరిగా మొదట చెప్పిన రెండు తప్పులు. ఫెర్న్ ఆకు వెనుక గోధుమ రంగు చుక్కల్లో ఉండే సిద్ధబీజాలనూ, పుట్టగొడుగు మొప్పల నుంచి రాలే సిద్ధబీజాలనూ అలైంగికం కింద వేస్తున్నారు. రెండూ క్షయకరణ విభజన తర్వాత పుట్టేవి. సగం క్రోమోజోములతో ఉంటాయి, తల్లికి నకళ్లు కావు, లైంగిక చక్రంలో భాగం. ఫెర్న్ సిద్ధబీజం మొలిస్తే ఫెర్న్ రాదు, హృదయాకారపు చిన్న ఆకుపచ్చ బిళ్ల వస్తుంది. బీజకణాలు దాని మీద పుట్టి కలిశాకే కొత్త ఫెర్న్ లేస్తుంది. ఫెర్న్‌లో అలైంగికం అంటే నేలలో పాకే కొమ్ము, కొన్ని జాతుల్లో ఆకు కొస నేలను తాకి వేరుపడటం. పుట్టగొడుగుల సాగులో అలైంగికం అంటే ఉడికించిన గింజల మీద పెంచిన శిలీంధ్రజాలం, అంటే స్పాన్.

మీ పత్రికలో ఈసారి ఆ పట్టిక వేసేటప్పుడు ఫెర్న్, పుట్టగొడుగు వరుసలు తీసేసి పెనిసిలియం కొనిడియాలు, క్లామిడోమోనాస్ గమన సిద్ధబీజాలు చేర్చండి. పద్ధతి, ఉదాహరణల పక్కన మూడో గడి ఒకటి పెట్టి, విడిపోయిన ముక్క కొత్తగా ఏం పుట్టించుకోవాలో అందులో రాయండి: మందారకు వేరు, స్నేక్ ప్లాంట్ ఆకుకు వేరూ మొగ్గా, రణపాలకు వేరు, వెల్లుల్లికి ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
వృక్షశాస్త్ర అధ్యాపకులు